రెండో బ్రేకు

మార్చి 16

కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని రాస్తున్నాను. కుడికాలు. పాదంలో రెండు ఎముకలు విరిగాయి. నర్సు ఒక పాత రిజిస్టరు ఇచ్చింది, ముందు సగం ఎవరివో బీపీ లెక్కలు. రాసుకోండి మేడమ్, ఊరికే ఫ్యాను చూస్తూ పడుకుంటే పిచ్చెక్కుతుంది అంది. నాకు పిచ్చెక్కలేదు. ఏమీ ఎక్కలేదు.

తెలిసినవి రాస్తాను. మార్చి మూడో తేదీ పొద్దున చెల్లి వాళ్ళ కారు పెద్ద రోడ్డు మలుపు తిరిగాక, ఆగి ఉన్న లారీ మూలకి తగిలి, పల్టీ కొట్టి, పక్కన గోతిలో పడింది. లోపల ఇద్దరమే ఉన్నాం. చెల్లి పోయింది. నేను ఉన్నాను. కారు ఎవరు నడుపుతున్నారో నాకు గుర్తులేదు.

చెల్లిని సాగనంపినప్పుడు నాకు స్పృహ లేదు. అన్నీ అయిపోయాక లేచాను.

మార్చి 17, మధ్యాహ్నం

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మర్యాదస్తుడే. బూట్లు గుమ్మం బయట విప్పబోయి, ఆసుపత్రి అని గుర్తొచ్చి ఆగాడు. నడిపింది ఎవరండీ అని అడిగాడు. తెలియదన్నాను. ఇలాంటి జవాబులు చాలా విన్నవాడిలా తలూపాడు.

నిజంగానే తెలియదు. రెండో తేదీ సాయంత్రం స్కూలు షట్టరు దింపడం గుర్తుంది. తాళంచెవి ఎప్పటిలాగే ఇరుక్కుంది, తిట్టుకున్నాను. ఆ తర్వాత గుర్తున్నది ఈ ఫ్యాను. తలకి దెబ్బ తగిలితే మధ్య రోజు ఇలా ఎగిరిపోతుందట, తిరిగి రాకపోవచ్చట. డాక్టరు గొడుగు మరిచిపోయినంత తేలిగ్గా చెప్పాడు.

చూసినవాళ్ళకీ తెలియదు. కారు తలకిందులుగా ఉంది, తలుపులు రాలేదు. వెనక అద్దం పగలగొట్టి, బెల్టులు కోసి, ఇద్దరినీ ఆ కంతలోంచే లాగారు. ఎవరు ఏ సీటులో ఉన్నారో చూసే తీరిక ఎవరికుంటుంది. బెల్టు మచ్చ ఏ భుజం మీద ఉందో చూస్తే తేలిపోయేది. నా ఒళ్ళంతా నలుపే. మా ఇద్దరి ఆసుపత్రి కాగితాల్లో మాత్రం అక్కడక్కడా కమిలిన గాయాలు అని రాసి ఊరుకున్నారు.

ఏం చేస్తుంటారు అని అడిగాడు. డ్రైవింగ్ నేర్పుతాను, ఇరవై రెండేళ్ళుగా అన్నాను. రాసుకుని, ఆ మాట కింద గీత గీశాడు.

మార్చి 18

చెల్లి చెప్పులు ఎవరి దగ్గర ఉన్నాయో.

మార్చి 21

ఇంటికి వచ్చాను. కింద స్కూలు, పైన నేనూ అమ్మా. పద్దెనిమిది మెట్లు కూర్చుని ఎక్కాను. స్కూలు బండి మీద దుమ్ము పేరుకుంది. ఎవరో వేలితో స్మైలీ గీశారు.

అమ్మ ఏడవడం ఆపేసి పనులు మొదలుపెట్టింది. ఉతికినవే మళ్ళీ ఉతుకుతోంది. బట్టలు మడత పెడుతూ నా వైపు చూడకుండా చెప్పింది. చిన్నది ఎలాగూ రాదు, దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు, అదే నడిపిందని చెప్పెయ్, ఉన్న ఒక్కదాన్నైనా మిగుల్చుకోనివ్వు అంది. చెప్పేసి దిండు గలీబు మడత విప్పి మళ్ళీ మడత పెట్టింది.

నాకు గుర్తులేదమ్మా అన్నాను. అయితే మరీ మంచిది అంది.

మార్చి 22

మరిది వచ్చాడు. చెల్లి మొగుడు. నలిగిన చొక్కా, గడ్డం. వదినా నొప్పి తగ్గిందా అన్నాడు. తగ్గిందన్నాను. ఇద్దరం గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం.

పోలీసులకి ముందే చెప్పాడట, తన భార్యకి డ్రైవింగ్ రాదని. ముందు సీట్లో కూర్చుంటే ఓవర్‌టేక్ చేసినప్పుడల్లా కళ్ళు మూసుకునేదని. ఒకసారి నేర్పబోతే పది నిమిషాలకే దిగిపోయి ఇంటికి నడిచి వెళ్ళిపోయిందని.

ఆ పది నిమిషాల సంగతి నాకు తెలుసు. చెల్లి వచ్చి చెప్పింది. ఆయన అరిచిన అరుపులకి క్లచ్చే భయపడిపోయిందట.

అతనికి తెలియనిది నాకు తెలుసు. జనవరి నుంచి చెల్లి నా దగ్గర నేర్చుకుంటోంది. పొద్దున్నే, ఆరున్నరకి, మార్కెట్టుకని చెప్పి. నడపడం వచ్చాక ఒకరోజు అతని ఆఫీసు గేటు ముందుకి కారు వేసుకెళ్ళి హారన్ కొట్టాలట. అతను బయటికి వచ్చి నోరు తెరవాలట. ఆ నోరు చూడడం కోసమే ఫీజు కడుతున్నా అనేది. ఫీజు ఎప్పుడూ కట్టలేదు.

ఇది అతనికి చెప్పాలి. ఇవాళ చెప్పలేదు.

మార్చి 26

ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చాడు. మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, పక్కా లైసెన్సు ఉన్నది నాకే. రెండు, నా కుడిపాదం. బలంగా బ్రేకు తొక్కినప్పుడు గుద్దుకుంటే విరిగేవి సరిగ్గా ఆ ఎముకలేనట, డాక్టరే రాసిచ్చాడు. మూడు, రోడ్డు మీద టైరు గీత. పదకొండు మీటర్లు, ఇటూ అటూ పోకుండా తిన్నగా ఉందట. కొత్తవాళ్ళు భయపడి స్టీరింగు తిప్పేస్తారు మేడమ్, ఇది చెయ్యి తిరిగినవాళ్ళ బ్రేకు అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

చెల్లికి లెర్నర్స్ లైసెన్సు ఉంది కదా అన్నాను. కాగితం ఉంటే సరిపోతుందా, రాదని భర్తే చెప్తున్నాడు కదా అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. కానీ ఆ మూడూ బాగానే నిలబడ్డాయి.

లారీవాడి మీద కేసు విడిగా ఉంటుందట. నా స్టేట్‌మెంటు ఏప్రిల్ పదిన. సంతకం పెడితే కోర్టు, శిక్ష పడొచ్చు, ఎంతని ఇప్పుడే చెప్పలేం అన్నాడు. అమ్మ టీ ఇచ్చింది. కప్పు నేలకేసి కొట్టినంత గట్టిగా బల్ల మీద పెట్టింది.

అయితే నేనే. నేను నడిపాను. నేను దాన్ని చంపాను. రాసి చూసుకుంటే చేతిరాత కూడా మారలేదు.

మార్చి 29

క్లాసు పుస్తకం పైకి తెప్పించుకున్నాను. ప్రతి విద్యార్థికీ పదిహేను క్లాసులు, క్లాసుకి ఒక లైను. బండి దిగకముందే రాస్తాను, లేకపోతే అందరూ ఒకేలా కనిపిస్తారు. చెల్లి పేరు రాయలేదు, ఎవరైనా చూస్తారని. ఉలిపి అని రాశాను. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ దాన్ని చిన్నప్పటి నుంచి తిట్టేది.

1. క్లచ్ మీద పగబట్టింది.
4. గేరు మార్చేటప్పుడు గేరు వైపు చూస్తోంది. రోడ్డు మీద మనుషులు ఉంటారని చెప్పాను. ఉండనీ అంది.
6. మూడుసార్లు నా బ్రేకు వేశాను.
9. బ్రేకు. భయపడితే చేతులు బిగించు, కాలు తొక్కు, స్టీరింగు తిప్పకు. ఇరవైసార్లు చేయించాను. వచ్చింది.
12. పాట పాడుతోంది. ఆపమన్నాను.
14. నా బ్రేకు ఒక్కసారి కూడా వాడలేదు.

నా బండిలో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నా కాలి కింద. అదే నా ఉద్యోగం. పదిహేనో క్లాసు మాత్రం విద్యార్థి సొంత బండిలో. అందులో రెండో బ్రేకు ఉండదు. అందుకే ఆ క్లాసు స్కూలు వెనక ఖాళీ గ్రౌండులోనే చెప్తాను. రోడ్డు మీద చెప్పను. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

15 పక్కన ఖాళీగా ఉంది.

మార్చి 30

కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తుంది. పైపుల కోసం తవ్విపోశారు. ఎప్పటి నుంచి అని అమ్మని అడిగాను. ఒకటో తారీకు నుంచి, ఆ దుమ్ముకే కదా కిటికీ మూసి చస్తున్నాం అంది.

ఏప్రిల్ 3

కారులోని సామాను గుర్తుపట్టడానికి రమ్మన్నారు. మరిది వాళ్ళ స్నేహితుడి బండి తెచ్చాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. కట్టు నిన్ననే విప్పారు, పట్టీ ఉంది. నెమ్మదిగా నడిపాడు.

సందు చివర ఒక కుక్క అడ్డం వచ్చింది. అతను బ్రేకు వేశాడు. నేనూ వేశాను. నా కుడికాలు దానంతటదే లేచి నేల మీద దబ్బుమని దిగింది. నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి. అతను భయపడి బండి పక్కకి తీసి, ఏమైంది వదినా అన్నాడు. అలవాటు అన్నాను. ఎవరి బండి ఎక్కినా అంతే, లేని బ్రేకు తొక్కుతాను. చెల్లి ఎగతాళి చేసేది, అక్కకి సినిమా హాల్లో కూడా కాలు ఆగదు అని.

పోలీసు యార్డులో కారుని నిలబెట్టి ఉంచారు. పైకప్పు సీట్ల దాకా దిగిపోయింది. సంచీ, నీళ్ళ సీసా, కళ్ళజోడు గుర్తుపట్టాను. చెప్పులు దొరికాయి. మరిది వాటిని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

నేను ఎడమవైపు విరిగిన తలుపులోంచి వంగి చూశాను. పక్క సీటు ముందు మ్యాట్ నలిగి ఉంది. ఎత్తాను. కాళ్ళ కింద ఎత్తు కోసం వేసే తెల్ల ఫోమ్ దిమ్మె ఉంటుంది. అది పగిలింది. మధ్యలో కాదు. కుడివైపు, జానెడు పైన. బూటు ముందు భాగం అంత గుంట. నా బండిలో నా బ్రేకు ఉండేది సరిగ్గా అక్కడే. చెయ్యి పెట్టి చూశాను. వేళ్ళు దిగాయి.

ఇన్‌స్పెక్టరు అది చూసే ఉంటాడు. చూసి, కారు పాడైంది అనుకుని ఉంటాడు. చెల్లికైతే అక్కడ కాలు పెట్టాలని తెలియదు. ఎవరికీ తెలియదు. మ్యాట్ మళ్ళీ కప్పేశాను.

ఏప్రిల్ 4

నేను నడపలేదు.

ఏప్రిల్ 5

సంతోషం వస్తుందేమో అని పొద్దుటి నుంచి చూస్తున్నాను. రాలేదు.

నేను నడిపి ఉంటే నేను చంపాను. నడపలేదు కాబట్టి, రెండో బ్రేకు లేని బండిలో దాన్ని కూర్చోబెట్టి పెద్ద రోడ్డు ఎక్కించాను. గ్రౌండు తవ్వారు కదా, రేపు చూద్దాంలే అని నేను అని ఉంటాను. రేపు కాదు ఇవాళే అని అది అని ఉంటుంది. సరే అని నేను అని ఉంటాను. ఆ సరే నాకు గుర్తులేదు. అయినా అది నాదే.

అన్నం తిన్నాను. రెండోసారి పెట్టించుకున్నాను కూడా.

ఏప్రిల్ 6

మరిదికి అంతా చెప్పాను. జనవరి నుంచి, ఆఫీసు గేటు, హారన్, ఫోమ్ దిమ్మె. అతను క్లాసు పుస్తకం తీసుకుని మెట్ల మీద కూర్చుని చదివాడు. పాట పాడుతోంది అన్న లైను దగ్గర ఆగాడు. ఏం పాట అని అడిగాడు. రాసుకోలేదు అన్నాను.

పుస్తకం మూశాడు. ఇన్‌స్పెక్టరుకి ఇది చెప్పొద్దు వదినా అన్నాడు. మీరు నడిపారని అందరూ అనుకుంటున్నారు, అలాగే ఉండనివ్వండి, మీకు పడే శిక్షకి లాయరుని నేను పెడతాను, నా కూతురు మాత్రం మీ అమ్మ నడపడం రాక చచ్చిపోయిందట అని స్కూల్లో వినకూడదు అన్నాడు. నా కాళ్ళు పట్టుకోబోయాడు. పట్టీ చూసి ఆగాడు.

అమ్మ తలుపు వెనక నుంచి అంతా వింది. అల్లుడితో ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి, ఇవాళ బయటికి వచ్చి నీ కూతురికి తల్లి పోతే నా కూతుర్ని జైలుకి పంపమంటావా అంది. అతను తల దించుకున్నాడు. ఆమె కూడా దించుకుంది. ఇద్దరూ నాకోసం కొట్లాడుకుంటుంటే నేను మెట్ల కింద బండి మీద స్మైలీ ఇంకా ఉందా అని చూస్తున్నాను. ఉంది.

ఏప్రిల్ 7

సంతకం పెట్టేస్తాను. నేనే నడిపానని. నిండా మునిగినవాళ్ళకి చలేమిటి. చెల్లికి మచ్చ ఉండదు. శిక్ష ఎలాగూ నాకు రావాల్సిందే, ఏ దారిన వస్తే ఏం.

అమ్మకి చెప్పలేదు.

ఏప్రిల్ 8, సాయంత్రం

చెల్లి కూతుర్ని మరిది ఇక్కడ దింపి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళు. ముందు పళ్ళు రెండు పెద్దవి, అందుకని అందరూ కుందేలు అంటాం. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి అది నాతో సరిగ్గా మాట్లాడలేదు. నా మీద కోపం అనుకున్నాను. ఉండాల్సిందే అనుకున్నాను.

అమ్మ బట్టలు తేవడానికి డాబా మీదకి వెళ్ళింది. కుందేలు తలుపు దగ్గరికి వెళ్ళి ఎవరూ లేరని చూసి వచ్చింది. పెద్దమ్మా, ఒకటి అడుగుతా, నాన్నకి చెప్పకూడదు అంది. చెప్పనన్నాను. ఒట్టు వేయించుకుంది.

అమ్మ పెద్ద రోడ్డు ఎక్కిందా అని అడిగింది.

దానికి ముందు నుంచీ తెలుసు. వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని పళ్ళెం పట్టుకుని తిప్పేదట. రెండు చెప్పులు క్లచ్, బ్రేకు. కుందేలు గదిలో ట్రాఫిక్ లైటు. ఎర్ర గ్లాసు పైకెత్తితే అమ్మ ఆగాలి, పచ్చ గ్లాసు ఎత్తితే వెళ్ళాలి. నాన్నకి చెప్పనని ఒట్టు. నెల దాటినా ఆ ఒట్టు తప్పలేదు. నాన్న ఏడుస్తూ మీ అమ్మకి నడపడం రాదమ్మా అని అందరికీ చెప్తుంటే, పక్కన కూర్చుని నోరు మూసుకుని విన్నదట. అబద్ధం అని అరవాలనిపించిందట.

ఆ రోజు పొద్దున వాళ్ళమ్మ దీన్ని నిద్ర లేపి చెవిలో చెప్పి వెళ్ళిందట, ఇవాళ పెద్ద రోడ్డు అని. ఎక్కిందో లేదో దీనికి తెలియలేదు. అది ఒక్కటే తెలియాలట.

ఎక్కింది అన్నాను.

బాగా నడిపిందా అంది. పదకొండు మీటర్లు గుర్తొచ్చాయి. చెయ్యి తిరిగినవాళ్ళ బ్రేకు. తొమ్మిదో క్లాసు. ఇరవైసార్లు. బాగా నడిపిందే, నాకంటే బాగా అన్నాను. కుందేలు నా ఒళ్ళో తల పెట్టుకుని, నాకు తెలుసు, నాకు తెలుసు అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముప్పై ఆరు రోజుల తర్వాత. అమ్మ బట్టలతో దిగి వచ్చి, అలా చూసి, ఆ బట్టలతోనే మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 9

మరిదికి ఫోన్ చేశాను. సంతకం పెట్టను అన్నాను. మీ కూతురు ఏం వినకూడదనుకుంటున్నారో, ముందు ఆ పిల్లనే అడగండి అన్నాను. ఒట్టు తప్పలేదు, ఇంకేమీ చెప్పలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఏప్రిల్ 10

స్టేషనులో ఫ్యాను లేదు. నడిపింది నా చెల్లెలు, నేర్పింది నేను, పక్కన కూర్చుంది నేను అని చెప్పాను. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టేశాడు. ఆ తిన్నని బ్రేకు కొత్తవాళ్ళు వెయ్యలేరు మేడమ్ అన్నాడు. వేస్తారు, నేను నేర్పితే అన్నాను. క్లాసు పుస్తకం తెరిచి తొమ్మిది చూపించాను. ఫోమ్ దిమ్మె సంగతి చెప్పాను. మనిషిని పంపి ఫోటో, గుంట కొలత తెప్పించాడు. ఆ రోజు నేను వేసుకున్న బూటు స్టేషనులోనే అట్టపెట్టెలో ఉంది, దాన్ని కొలిపించాడు. సరిపోయింది.

మీరు ఊరుకుని ఉంటే సరిపోయేది కదా అన్నట్టు చూశాడు. ఇప్పుడు కూడా మీ మీదకే వస్తుందండీ, రెండో బ్రేకు లేని బండిలో రోడ్డు మీద నేర్పారు అన్నాడు. రాయండి అన్నాను. ఫారంలో డ్రైవరు అని ఉన్న చోట చెల్లి పేరు రాశాడు. నా పేరు రాయడానికి గడి లేదు. పక్కన మార్జిన్లో రాశాడు.

బయట మరిది నిలబడి ఉన్నాడు. కుందేలు చెప్పిందట, అంతా, గ్లాసులతో సహా. అతను గేటు వైపు చూసి, హారన్ కొట్టేదేనా నిజంగా అన్నాడు. కొట్టేదే అన్నాను.

ఏప్రిల్ 19

నేర్పే లైసెన్సు ఆపేశారు. కేసు తేలేదాకా అన్నారు. తేలాక కూడా రాదని నాకు తెలుసు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, ఇవాళ జుట్టు దువ్వింది.

ఏప్రిల్ 23

స్కూలు బండి అమ్మాలి. మెకానిక్ వచ్చి నా వైపు బ్రేకు విప్పాడు. ఇరవై నిమిషాల పని. రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. పారెయ్యనా మేడమ్ అన్నాడు. వద్దన్నాను. బల్ల మీద పెట్టుకున్నాను. చాలా చిన్నది.

ఏప్రిల్ 24

కుందేలు క్లాసు పుస్తకం అడుగుతోందట. మరిది రేపు వచ్చి తీసుకెళ్తాడు. పదిహేను పక్కన ఖాళీగా ఎందుకుంది అని అడుగుతుంది, అది అడగకుండా ఉండదు. దిగకముందే రాయాల్సింది. ఇప్పుడు రాస్తున్నాను, ముందు ఇక్కడ, తర్వాత అందులో.

మార్చి 3, ఉదయం 6:50

15. ఉలిపి. సొంత బండి. పెద్ద రోడ్డు ఎక్కింది.
పాడుతూ ఉండి ఉంటుంది. ఆపమనలేదు.
లారీ చూడగానే బ్రేకు వేసింది. తిన్నగా వేసింది. స్టీరింగు తిప్పలేదు.
పాస్.
నా వైపు బ్రేకు లేదు. అయినా వేశాను.